సెప్టెంబరు 17: ఒక రోజు, మూడు క్యాలెండర్లు

ఒకే తేదీన జరిగిన చరిత్ర సంఘటనల మీద మాట్లాడమని ఆకాశవాణి వారు అడగగానే, మెట్‌పల్లి మనిషిగా నాకు సెప్టెంబరు 17 తప్ప మరో తేదీ తోచలేదు. రజాకార్లు ఎవరో, పటేల్ ఏం చేశారో మీకు నేను చెప్పక్కర్లేదు. 1948లో ఆ రోజు సాయంత్రం దగ్గరే మొదలుపెడతాను.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం నాలుగు దిక్కుల నుంచి హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చింది. పోలీసు చర్య, పోలీస్ యాక్షన్ అన్నది దీన్నే. 17న నిజాం ప్రధాని లాయక్ అలీ మంత్రివర్గం రాజీనామా చేసింది. అదే సాయంత్రం నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ జీవితంలో మొదటిసారి రేడియో స్టేషన్‌కు వెళ్ళి, కాల్పుల విరమణ ప్రకటన చదివాడు. చదివింది ఇంగ్లీషులో. దాన్ని ఉర్దూలోకి కూడా ఎవరూ అనువదించలేదు. తన సైన్యం కాల్పులు ఆపిందని ఒక రాజు చెబుతుంటే, ఆ మాటలు ఆయన ప్రజల్లో చాలామందికి అర్థం కాలేదు! మైకు ముందు కూర్చుని మాట్లాడే నన్ను ఈ ముచ్చట ఎప్పుడూ వదలదు. మర్నాడు నిజాం సైన్యాధిపతి జనరల్ ఎద్రూస్ వెళ్ళి భారత సైన్యం తరఫు మేజర్ జనరల్ చౌధురికి లొంగిపోయాడు.

అయితే ఆ రోజు మన పల్లెల్లో ఎవరికీ సెప్టెంబరు 17 కాదు. పంచాంగం తీస్తే సర్వధారి నామ సంవత్సరం, భాద్రపద శుద్ధ చతుర్దశి, శుక్రవారం. అంటే అనంత చతుర్దశి, వినాయకుణ్ణి సాగనంపే రోజు. తిథీ తేదీ పందొమ్మిదేళ్ళకోసారి దాదాపుగా కలుస్తాయి. అందుకే 2005లోనూ, మళ్ళీ 2024లోనూ నిమజ్జనం సరిగ్గా సెప్టెంబరు 17నే వచ్చింది.

ఇక నిజాం సర్కారు కాగితం మీద 1948 నాటి ఆ రోజు ఫసలీ 1357, ఆబాన్ నెల. నాకు ప్రాణమైన సంగతి ఇదే. పంటలనూ శిస్తునూ బట్టి అక్బరు కాలంలో పుట్టిన లెక్క ఇది. మన సంస్థానంలో అక్టోబరులో, వానకాలం పంట చేతికొచ్చే వేళకు కొత్త సంవత్సరం మొదలయ్యేది. ఆజూర్, దై, బహమన్, ఇస్ఫందార్, ఫర్వర్దీ, అర్దిబెహిష్త్, ఖుర్దాద్, తీర్, అమర్దాద్, షహరేవార్, మెహర్, ఆబాన్. మా తాత ఈ పన్నెండింటినీ ఎక్కం అప్పజెప్పినట్టు ఒక్క ఊపిరిలో చెప్పేవాడు. మొదటి మూడు నెలలకు ఫసలీ అంకెకు 590 కలపాలి, తర్వాతి నెలలకు 591. ఇంచుమించుగా ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది.

మా ఇంట్లో సందూకలో ఒక భూమి కాగితం ఉండేది, ఉర్దూలో. తాత పోయాక మా బాపు దాన్ని పట్టుకుని ఒక ఆఫీసుకు వెళ్తే, అక్కడి గుమాస్తా 1357ను 1957 అని రాసుకున్నాడు. ఆ పదేళ్ళ తేడాను సరిచేయించడానికి బాపు ఎన్ని చెప్పులు అరగదీశాడో! చివరికి ఉర్దూ చదవగల ఒక పెద్దమనిషి, సర్కారు నౌకరీ నుంచి ఎప్పుడో దిగిపోయినవాడు, కాగితం చదివి తెలుగులో రాసి ఇస్తేనే పని జరిగింది. అట్లా చదివేవాళ్ళు ఒక్కొక్కరే పోతున్నారు. వాళ్ళ వెనక నేర్చుకున్నవాళ్ళు లేరు. నాకు దుఃఖం అక్కడ.

సెప్టెంబరు 17కు పేరు పెట్టడంలో ఉన్న పట్టుదల ఈ కాగితాల మీద ఎందుకు లేదు? విమోచనం అన్నారు, విలీనం అన్నారు, సమైక్యత అన్నారు, 2024లో ప్రజాపాలన దినోత్సవం అన్నారు. అవతలి మరాఠ్వాడాలో ముక్తి సంగ్రామ దినం. బీదర్, గుల్బర్గా, రాయచూర్‌లలో వేరే పేరుతో జెండా ఎగురుతుంది. పదహారు జిల్లాల పాత సంస్థానం మూడు రాష్ట్రాల్లో, మూడు భాషల్లో ఒకే పొద్దున జెండా వందనం చేస్తుంది. జెండా దింపాక దఫ్తరు గదుల్లో మూటలు కట్టి పడేసిన ఫసలీ రికార్డుల వైపు చూసేవారుండరు. చెదపురుగులకు ఉన్న శ్రద్ధ మనకు లేదంటే కోపగించుకోకండి.

ఆ 17తోనే అన్నీ ముగిసిపోలేదన్నది కూడా చెప్పాలి. తెలంగాణ రైతుల సాయుధ పోరాటం 1951 దాకా సాగింది. పోలీసు చర్య తర్వాతి వారాల్లో ఉస్మానాబాద్, నాందేడ్, బీదర్, గుల్బర్గా వైపు ఎందరో ముస్లింలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. భారత ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ ఆ ఊళ్ళు తిరిగి నివేదిక రాసింది. అది దశాబ్దాల పాటు బయటికి రాలేదు. సంతోషపడే రోజున వాళ్ళనూ తలుచుకోవాలి.

మిగతా ప్రపంచానికి సమయం తక్కువే మిగిలింది. 1787లో అమెరికా రాజ్యాంగం మీద ఫిలడెల్ఫియాలో సంతకాలు జరిగింది సెప్టెంబరు 17ననే. 1879లో ఈరోడ్‌లో పెరియార్ పుట్టాడు. 1915లో పండరిపురంలో చిత్రకారుడు హుసేన్. 1978లో కాంప్ డేవిడ్‌లో ఈజిప్టు, ఇజ్రాయెల్ నాయకులు ఒప్పందం కుదుర్చుకున్నారు. ఉత్తరాదిన సాధారణంగా ఈ రోజే విశ్వకర్మ పూజ కూడా.

మీ ఇంట్లో ఎనభై ఐదు దాటిన పెద్దవాళ్ళుంటే ఒక పని చేయండి. తేదీ చెప్పి అడిగితే వాళ్ళకు గుర్తు రాదు. పోలీస్ యాక్షన్ అయిన యేడు గణపతులను ఏ చెరువుకు తీసుకెళ్ళారని అడగండి. చెప్పింది చెప్పినట్టు, ఊరి పేరుతో రాసి పెట్టండి.