ఇంధనం మారవచ్చు, అమానత్ మారదు

ప్రశంసలన్నీ అల్లాహ్‌కే చెందుతాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు వర్షించుగాక!

ధర్మసోదరులారా!

దివ్య ఖుర్ఆన్ నహ్ల్ సూరాలో అల్లాహ్ గుర్రాలను, కంచరగాడిదలను, గాడిదలను మానవుని సవారీ కోసం సృష్టించానని తెలిపి, మీరెరుగని వాటిని కూడా సృష్టిస్తానని సూచించాడు. ఆ ఎరుగని వాటిలో కొన్నింటిని మన తరం కళ్లారా చూస్తోంది. యాసీన్ సూరాలో పచ్చని చెట్టు నుండి నిప్పు పుట్టించడాన్ని తన శక్తికి నిదర్శనంగా పేర్కొన్నాడు. మన చేలగట్ల మీది కానుగ గింజల నుండి నేడు బయోడీజిల్ తీయగలుగుతున్నారు. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజను వేరుశనగ నూనెతో నడిచింది. మన దేశంలో చెరకు, మొక్కజొన్న, నూకల నుండి తయారైన ఇథనాలును పెట్రోలులో 20 శాతం వరకు కలుపుతున్నారు. విద్యుత్ స్కూటర్లు, ఆటోలు మన వీధుల్లోకీ వచ్చాయి. ఈ ఇంధనాలన్నిటి ప్రదాత ఒక్కడే.

ఇతరులకు హాని తలపెట్టరాదన్నది దైవప్రవక్త (సఅసం) బోధించిన మూలసూత్రం. మన వాహనపు పొగ పొరుగువాని పసిబిడ్డ ఊపిరితిత్తుల్లోకి వెళ్లడం హానియే. అందుచేత పొగ తక్కువ వెదజల్లే ఇంధనాన్ని ఎంచుకోవడం, సంకల్పం మంచిదైతే, పుణ్యకార్యమే. అయితే రెండు విషయాలు మరువరాదు. ఒకటి: వంటింటి కోసం ఇచ్చే 14.2 కిలోల సిలిండరు గ్యాసును ఆటోల్లోకి, కార్లలోకి ఎక్కించడం చట్టవిరుద్ధం, ప్రాణాపాయకరం. అది ఇచ్చిన నమ్మకాన్ని వమ్ముచేయడం కూడా. రెండు: బ్యాటరీలోకి ఎక్కే విద్యుత్తు ఆకాశం నుండి ఊడిపడదు, మన జిల్లాలోని నేలటూరు కేంద్రం వంటి చోట్ల బొగ్గు మండితేనే అందులో అధికభాగం లభిస్తోంది. కనుక ఏ ఇంధనమైనా దుబారా దుబారాయే.

సోదరులారా! పొగ వల్ల కలిగే హానిని తొలగించడానికి వేలాది రూపాయలు వెచ్చించి కొత్త వాహనం కొన్నవాడు, చూపును ఫోన్‌కు అప్పగించి దాన్ని నడిపితే, ఒక హానిని దించి మరొక హానిని ఎక్కించుకున్నట్లే. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్న వాహనం ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు సాగుతుంది. ఫోన్‌ను మూడు సెకన్లు చూస్తే, 50 మీటర్ల దారిని కళ్లు మూసుకుని దాటినట్లే. ఆ 50 మీటర్లలో బడి విడిచిన బాలిక ఉండవచ్చు, మేకలను తోలుకుపోయే ముదుసలి ఉండవచ్చు. పైగా విద్యుత్ వాహనం వచ్చే చప్పుడు వారికి సరిగా వినిపించదు. శబ్దం తగ్గినచోట నడిపేవాని జాగ్రత్త రెట్టింపు కావాలి.

ఉదయగిరిలో కొయ్య చెంచాలు చెక్కే మన ఆడపడుచులను గమనించండి. ఉలి చేతిలో ఉండగా వారి చూపు పక్కకు మళ్లదు. మళ్లితే తమ వేలే తెగుతుందని వారికి తెలుసు. వాహనం నడిపేవాని చూపు మళ్లితే తెగేది తన వేలు కాదు, పరుల ఆయుష్షు. పిడికెడు కర్రకు ఇచ్చే ఏకాగ్రతను మనిషి ప్రాణానికి ఇవ్వలేమా?

“కావాలని చేయలేదు” అన్న మాటతో లెక్క తీరిపోదు. పొరపాటున ఒక విశ్వాసి ప్రాణం పోయినా ఖుర్ఆన్ రక్తపరిహారాన్ని, బానిస విముక్తిని, అది సాధ్యపడనప్పుడు ఎడతెగకుండా రెండు నెలల ఉపవాసాలను విధించింది. సవారీ జంతువు తొక్కి కలిగించిన నష్టానికి రౌతును బాధ్యుణ్ణి చేసిన ధర్మవేత్తలు పూర్వమే ఉన్నారు. 1993లో బ్రూనైలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీయ ఫిఖ్ అకాడమీ, షరీఅత్‌కు విరుద్ధం కాని రహదారి నియమాలను పాటించడం ధర్మరీత్యా విధి అని తీర్మానించింది. అంటే, పోలీసు లేని మలుపులో కూడా ఆ నియమం మనపై ఉంటుంది. అక్కడ చూసేవాడు అల్లాహ్.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలకు 1,68,491 మంది బలయ్యారు. వారిలో నూటికి దాదాపు 44 మంది ద్విచక్ర వాహనాలపై ఉన్నవారే. ఫోన్ వాడుతూ నడిపేవారికి ప్రమాదావకాశం సుమారు నాలుగు రెట్లని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చెవిలో పరికరం పెట్టుకుని మాట్లాడినా మనసు దారి మీద ఉండదు. కృష్ణపట్నం రేవుకు పోయే 67వ జాతీయ రహదారి ఆత్మకూరు మీదుగానే సాగుతుంది. ఆ లారీల మధ్య భుజానికి, చెవికి నడుమ ఫోన్ నొక్కిపెట్టి బండి నడపడం ధైర్యం కాదు. తమను తాము నాశనంలోకి నెట్టుకోవద్దన్న దైవాజ్ఞను మీరడమే అది.

కాబట్టి బండి ఎక్కగానే ప్రయాణపు దుఆ చదవండి. ఆ తర్వాత ఫోన్‌ను జేబులో మౌనంగా ఉంచండి. కువైట్ నుండి కుమారుడే పిలిచినా, దారి పక్కన ఆగి మాట్లాడండి. ఆటో నడిపే సోదరులారా! మీ వెనుక కూర్చున్న కూలీతల్లులు మీకు అప్పగింపబడిన అమానత్. పిలిచేవారికీ ఒక బాధ్యత ఉంది: “బండి మీదున్నావా?” అని ముందుగా అడగండి, అవునంటే సలాం చెప్పి ఫోన్ పెట్టేయండి. ఫోన్‌లో ఖుర్ఆన్ పారాయణం వెతుకుతూ బండి నడపడం కూడా ఆరాధన కాదు.

దారిలోని ముల్లును తొలగించడం విశ్వాసంలో భాగమని మన ప్రవక్త (సఅసం) నేర్పారు. మనమే దారిలో ముల్లు కాకుండా ఉండడం అందులోని తొలి మెట్టు. నమాజు ముగించి వాహనాల వైపు కదిలేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఓ అల్లాహ్! మా చూపుకు, మా చేతులకు, మా చేతుల్లోని వాహనాలకు సంబంధించి నీవు లెక్క అడిగే రోజున మమ్మల్ని సిగ్గుపడనీయకు. ప్రయాణికులందరినీ క్షేమంగా ఇళ్లకు చేర్చు. మా వల్ల ఏ ఇంటా దీపం ఆరిపోకుండా కాపాడు. ఆమీన్.