‘తపాబా’ అంటే నేనా, అతనా?

జర్మనీలో ఉండి స్పానిష్ పాఠమేంటి అంటారేమో. 1960లోనే స్పెయిన్, జర్మనీ కూలీల ఒప్పందం చేసుకున్నాయి. నా సైట్‌లో ఇప్పుడూ స్పెయిన్ వాళ్లున్నారు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాల దగ్గరే నేను ఆ భాష నేర్చుకుంది.

మూడో అంతస్తు స్లాబులో పైపుల కోసం వదిలిన కంత ఒకటుంది. సాయంత్రం దాని మీద ప్లైవుడ్ పలక వేసి బిగించాలి. ఒకరోజు పలక లేదు, హెల్పర్ కాలు అందులోకి జారింది. మోకాలు వాచింది, అంతటితో పోయింది. దీన్ని మూసేదెవరని స్పెయిన్ మేస్త్రీని అడిగాను. ‘తపాబా’ అన్నాడు. నేను మూసేవాణ్ణి అంటున్నాడనుకుని, రిపోర్టులో అతని పేరే రాశాను. వారం తిరక్కుండా అతని చేతికి ఆబ్మానుంగ్ వచ్చింది, అంటే ఫైల్లో ఉండిపోయే హెచ్చరిక కాగితం.

అది పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. ‘యో నో! ఎల్ తపాబా!’ నేను కాదు, అతను మూసేవాడు అని. ఆ ‘అతను’ పది రోజుల కిందే వేరే సైట్‌కి వెళ్లిపోయాడు. ఆ పని ఎవరికీ అప్పజెప్పలేదు. అప్పజెప్పాల్సింది నేనే.

ఇప్పుడు అసలు సంగతి. తపార్ అంటే మూయడం. చివర ‘ఆర్’ తీసి ‘ఆబా’ పెడితే అలవాటుగా చేసిన పని. నేను తపాబా, నువ్వు తపాబాస్, అతను మళ్లీ తపాబా, మేము తపాబామోస్, మీరు తపాబైస్, వాళ్లు తపాబాన్. నేను, అతను రెండూ ఒకటే, చూశారా! పైగా స్పానిష్‌లో మనలాగే కర్తని మింగేస్తారు. మనకి మూసేవాణ్ణి, మూసేవాడు అని తేడా ఉంది. మా కరీంనగర్ వైపు మూసేటోణ్ణి, మూసేటోడు అంటాం. వాళ్లకి లేదు. ఒక్కసారి జరిగిన పనికైతే తపే అంటే నేను మూశాను, తపో అంటే అతను మూశాడు. అక్కడ గొడవ లేదు.

‘ఎర్’, ‘ఇర్’ క్రియలకి ‘ఈయా’ వస్తుంది. కొమేర్, తినడం: కొమీయా. బిబీర్, బతకడం: బిబీయా. వీటిలోనూ నేను, అతను ఒకటే. దారి తప్పేవి మూడే మూడు: ఏరా, ఈబా, బెఈయా. ఉండేవాణ్ణి, వెళ్లేవాణ్ణి, చూసేవాణ్ణి.

జర్మన్‌లో మూసేవాణ్ణి, మూశాను రెంటికీ మామూలుగా ఒకే రూపం వాడతారు. మా ఇంజనీరుకి ఈ తేడా చెప్పడానికి నాకు అరగంట పట్టింది. మీకైతే ఒక్క ముక్క చాలు, మన భాషలో ఉందిగా.

రిపోర్టు తిరగరాసి, తప్పు నాదని సంతకం పెట్టాను. అతని ఫైల్లోంచి ఆ కాగితం తీసేశారు. ఇప్పుడు ఎవరైనా తపాబా అంటే, ‘కియేన్?’ అని అడుగుతున్నా. ఎవరు, అని.