నేలమీద గీత



గీత గీయడం యెవరికి తెలియదు? పిల్లలు పుల్లతో వీథిలో గళ్లు గీస్తే తొక్కుడుబిళ్ల. అడ్డంగా ఒక్క గీత గీస్తే చెడుగుడు. మన పెద్దలు గంటంతో తాటాకును గీరి, ఆ గీట్లలో మసి పులిమి గ్రంథాలే వ్రాసుకొన్నారు. చెయ్యి బరువైతే ఆకు చీలుతుంది, తేలికైతే మసి నిలవదు. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఏటికొప్పాక బొమ్మల సంగతీ అంతే. తిరిగే అంకుడు కర్రకు ఉలి ఆనించేటప్పుడు ఒక్క పిసరు ఎక్కువ వొత్తితే బొంగరం పాడైనట్లే.

సేద్యంలోనూ గీత లోతెంత, అది యే వైపుకు అన్నవే ముఖ్యం.

వాన వెలిసి నేల పదునుకు వచ్చినప్పుడు గుంటక తోలండి. 2 అంగుళాలు గీరితే చాలు. పైన పొడిమన్ను దుప్పటిలా కప్పి, అడుగు తేమ ఆరిపోకుండా చూస్తుంది. కలుపు మొలకా చస్తుంది. యింకా లోతుకు పోతే పైరు వేళ్లు తెగుతాయి. వేరుసెనగలో 45 రోజులు దాటి వూడలు దిగే వేళ ఆ గీరడం కూడా పనికిరాదు.

యిక రెండో సంగతి. విశాఖ నుంచి భీమిలి పోయే దారిలో ఎర్రమట్టి దిబ్బలు చూశారు కదా? సినిమావాళ్లకు అవి అందం. రైతుకు మాత్రం గుండె గుభేలుమనాలి. ఆ లోయలను యే గునపమూ తవ్వలేదు. వాననీరు పల్లానికి గీసిన సన్నని గీతలే వేల యేళ్లుగా కోసుకుపోయి అంత లోతయినాయి. వాలు చేలో పైనుంచి కిందికి చాలు తోలితే, నీటికి మనమే దారి గీసి యిచ్చినట్లు. పాడేరు, అరకు కొండ పొలాలకే కాదు, ఆనందపురం మెట్టచేలకూ యిదే మాట. చాళ్లు వాలుకు అడ్డంగా వుండాలి.

అడ్డం అంటే కంటికి తోచిన అడ్డం కాదు. 6 అడుగుల వెదురుకర్రలు రెండు పైన కలిపి కట్టి, కాళ్లు యెడం చేసి, నడుమ అడ్డకర్ర బిగించండి. పై ముడినుంచి దారంతో రాయి వ్రేలాడదీయండి. దాన్ని రెండు గుర్తులమీద నిలబెట్టి, దారం అడ్డకర్రను తాకినచోట కత్తితో గీటు పెట్టండి. కాళ్లు తారుమారు చేసి, అవే గుర్తులమీద నిలిపి యింకో గీటు పెట్టండి. ఆ రెంటి నట్టనడిమి చోటే మట్టం.

పొలంలో ఒక కాలు ఆనించి, దారం ఆ మట్టానికి వచ్చేదాకా రెండోకాలు పైకీ కిందికీ జరపండి. కుదిరినచోట మేకు పాతండి. అలా నడిపించుకుంటూ పోయి, మేకుల వెంబడి మొదటి చాలు తోలండి. అది వంకరటింకరగా వుందని యిరుగుపొరుగువారు నవ్వుతారు, నవ్వనివ్వండి. తక్కిన చాళ్లన్నీ దాని వెంటే.

గాలి లేని వుదయం పూట మొదలుపెట్టండి, దారం వూగదు. పిల్లలనూ తీసుకుపొండి. మేకులు పాతడం వాళ్లకు తొక్కుడుబిళ్లకంటె సరదా.