ప్రయాణంలో కడుపు పాడైతే...

(సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఎల్.ఎఫ్.సి. మంజూరైందంటే ఇంట్లో పండగే. టికెట్లు, హోటల్ గదులు, స్వెట్టర్లు అన్నీ నెల ముందే సిద్ధమవుతాయి. మందుల సంచి మాత్రం బయల్దేరే రోజే గుర్తొస్తుంది. అందులో నాలుగు పారాసిటమాల్ బిళ్లలు, ఒక తలనొప్పి బామ్. కాశీ వెళ్లినా కాశ్మీరం వెళ్లినా యాత్రను ఆపేసేది తలనొప్పి కాదు, కడుపు. ఈ వేళ దాని గురించే నాలుగు మాటలు.

రుచి, వాసన బాగున్నాయి కాబట్టి తిండి మంచిదే అనుకుంటాం. అది నిజం కాదు. ఉదాహరణకు అన్నం తీసుకోండి. బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బియ్యంలో బీజరూపంలో ఉంటుంది. ఉడికించినా చావదు. వండిన అన్నం గంటల తరబడి బయట ఉంటే అది పెరిగి విషాన్ని తయారుచేస్తుంది. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. పులుపు ఈ పెరుగుదలను కొంత అడ్డుకుంటుంది. మన పెద్దలు ప్రయాణానికి పులిహోర కట్టడంలో ఆ తెలివి ఉంది. అలాగని రాత్రి కట్టిన పొట్లాన్ని మర్నాడు మధ్యాహ్నం దాకా నమ్మకండి. బయట తినేటప్పుడు మీ కళ్ల ముందు పొగలు కక్కుతూ దిగిన ఇడ్లీ, దోశ మేలు. కోసి పెట్టిన పండ్లు, ఐసు వేసిన రసాలు, నీళ్ల చట్నీలు వద్దు.

ఇంత జాగ్రత్తపడ్డా వాంతులు, విరేచనాలు పట్టుకోవచ్చు. అప్పుడు మనిషిని పడగొట్టేది చాలావరకు సూక్ష్మజీవి కాదు, ఒంట్లోంచి పోయే నీరూ ఉప్పూ. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరాల్లో కలరా చెలరేగింది. బెంగాల్‌లోని బన్‌గావ్‌లో సెలైన్ సీసాలు అయిపోతుంటే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించారు. అక్కడ నూటికి 30 దాకా ఉన్న మరణాలు 4 లోపుకు తగ్గాయి. ఆయన మరణానంతరం 2023లో ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది. మన చేతిలోని ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్ వెనుక ఉన్న కథ అది.

పేగులో గ్లూకోజు తనతోపాటు ఉప్పును లోపలికి తీసుకెళుతుంది, వాటి వెంట నీరు వెళుతుంది. ఆ పాళ్లు కుదరాలి. చక్కెర ఎక్కువైతే ఒంట్లోని నీరు పేగులోకి వచ్చి విరేచనాలు పెరుగుతాయి. అందుకే కూల్‌డ్రింకులు, డబ్బా రసాలు పనికిరావు. ఓ.ఆర్.ఎస్. పేరు పెట్టుకున్న తీపి పానీయాలపై హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. చివరకు 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆ పేరు వాడవద్దని ఆదేశించింది. ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూసి కొనండి.

పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు శుభ్రమైన నీటిలో కలపాలి. గ్లాసులో కొంచెం కొంచెం కలిపితే పాళ్లు తప్పుతాయి. 24 గంటలు దాటితే పారబోయండి. ప్యాకెట్ దొరకకపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు వేయండి. టీ చెంచాతో, గోపురం కట్టకుండా సమంగా కొలవాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, చెంచా చెంచాగా మళ్లీ మొదలుపెట్టండి. రెండేళ్ల లోపు పిల్లలకు ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, అంతకు పెద్ద పిల్లలకు 100 నుంచి 200 ఇవ్వాలి. తల్లిపాలు ఆపకూడదు. లంఖణం పరమౌషధం అన్న మాట ఇక్కడ పిల్లలకు వర్తించదు. మెత్తని అన్నం, పెరుగు, అరటిపండు పెట్టండి.

విరేచనాలు కట్టే బిళ్ల పిల్లలకు వేయవద్దు. జ్వరం గానీ రక్తం గానీ ఉంటే పెద్దలూ వేసుకోకూడదు. పాత చీటీలోని యాంటీబయాటిక్ కూడా వద్దు. వెంట వచ్చిన అమ్మానాన్నల సంగతి ప్రత్యేకం. వయసు మళ్లినవారికి దాహం తెలియదు. వాళ్లు బి.పి.కి నీరు తీసే బిళ్లలో, షుగరుకు మెట్‌ఫార్మినో వాడుతుంటే, ఆ రోజు వేయాలో వద్దో మీ డాక్టరుకు ఫోన్ చేసి అడగండి. ఇన్సులిన్ మాత్రం సొంతంగా ఆపకండి.

మూత్రం ఆరేడు గంటలుగా రాకపోయినా, తాగింది నిలవకపోయినా, విరేచనంలో రక్తం కనిపించినా, మత్తుగా ఉన్నా, పిల్లల కళ్లు లోపలికి పోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. 112కు ఫోన్ చేయండి, రైల్లో ఉంటే 139కి.

కాస్త కోలుకున్నాక కాగితాల పని. బిల్లు, దాని మీది 14 అంకెల ఆహార లైసెన్సు నంబరు దాచండి. చివర తిన్నదే కారణం కానక్కర్లేదు. కొన్ని గంటల్లో, మరికొన్ని రెండు మూడు రోజులకు బయటపడతాయి. అందుకే మూడు రోజుల తిండీ రాసుకోండి. ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ఫిర్యాదు చేయవచ్చు. 2006 నాటి ఆహార భద్రతా చట్టం 65వ సెక్షన్ కింద నష్టపరిహారానికీ అవకాశం ఉంది. ఆసుపత్రిలో చేరితే బీమా కార్డు చూపించి, టి.పి.ఏ.కు వెంటనే తెలియజేయండి. డిశ్చార్జి సమ్మరీ, అసలు బిల్లులు తీసుకోకుండా బయటికి రాకండి.

చివరిగా ఒక్క మాట. ఊరు కాని ఊళ్లో ఆలస్యానికి కారణం తెలియకపోవడం కంటే మొహమాటమే. రేపటి దర్శనం పోతుందని, టికెట్ డబ్బులు పోతాయని, తోటివాళ్లు మనకోసం ఆగాలని ఊరుకుంటాం. పోయిన టికెట్ మళ్లీ కొనుక్కోవచ్చు. వాడిపోయిన పసిబిడ్డనూ, పలకని పెద్దాయననూ బస్సెక్కించి వచ్చే ఊళ్లో చూద్దాం అనుకోకండి. ఆ ఊళ్లోనే దిగండి, ఆ రాత్రే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.