వేసవిలో విదేశీ చదువు: ఖర్చెంత?

వేసవిలో కొద్దిరోజులు విదేశం వెళ్లి నేర్చుకోవాలంటే లక్షలు పోయవలసిందేనా? అక్కరలేదు. రెండు దారులు చెబుతాను.

మొదటిది, రోటరీ స్వల్పకాలిక మార్పిడి. 14 నుంచి 19 ఏళ్ల వారికి. అక్కడి కుటుంబమే భోజనం, వసతి ఇస్తుంది. విమాన టికెట్టు, వీసా, బీమా ఖర్చు మనది. మీ ఊరి రోటరీ క్లబ్బును అడగండి.

రెండవది, జపాన్ 2014లో ప్రారంభించిన సకురా సైన్స్ కార్యక్రమం. సుమారు వారం రోజులు. ప్రయాణం, బస ఖర్చు వారిదే. ఇన్‌స్పైర్ మానక్ పోటీలో నెగ్గిన మన పిల్లలు దీనిపై వెళ్లివచ్చారు. ఆ పోటీకి పాఠశాలే పేరు పంపాలి. కనుక మీ ఆలోచనను ముందు సైన్సు మాస్టారికి చెప్పండి.

ఒక హెచ్చరిక. పెద్ద విశ్వవిద్యాలయం పేరు చూసి మురిసిపోకండి. ఆ ఆవరణను అద్దెకు తీసుకుని నడిపే శిబిరాలూ ఉన్నాయి. మొత్తం ఖర్చు కాగితం మీద రాయించుకోండి. అమ్మానాన్నల చేత అప్పు మాత్రం చేయించకండి.