‘ఇదిగో’ సర్వనామం కాదు
(కైకలూరులో చేసిన స్మారకోపన్యాసం)

మా మాస్టారి పాండిత్యం గురించి నాకు ముందు మాట్లాడినవారు చెప్పారు. నాకు బాగా గుర్తున్నది ఒక్కటే. తరగతిలో ఎవరైనా వేలెత్తి చూపిస్తే చెయ్యి దించమనేవారు, “మాటతో చూపించు” అనేవారు. నేటి నా విషయం కూడా అదే.

ఆ, ఈ, ఏ త్రికమని చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) చదివినవారికి తెలుసు. ఇక్కడ, అక్కడ, ఇటు, అటు, ఇప్పుడు, అప్పుడు అన్నీ ఆ కుదుటివే. మూలద్రావిడంలో ఇ, అ లతో పాటు ఉ కూడా ఉండేదని భద్రిరాజు కృష్ణమూర్తి (2003) చూపారు. తమిళ వ్యాకరణం తొల్కాప్పియం ఆ మూడింటినీ చెప్పింది, జాఫ్నా తమిళులు ఉ ని నేటికీ వాడతారు. వీటి మీద నాకు పేచీ లేదు.

పేచీ అంతా ‘ఇదిగో’ దగ్గరే. ‘ఇది’ అనే సర్వనామానికి ‘గో’ చేరింది, అంతకు మించి ఏమీ లేదని పెద్దలు ఏళ్లుగా నాతో అంటున్నారు. ‘అడుగో’, ‘అవిగో’ చూపి, లింగవచనాలు మారుతున్నాయి కదా అంటారు. పుట్టుక వరకు ఒప్పుకుంటాను, నడత విషయంలో ఒప్పుకోను. ‘ఇది’ దీన్ని, దీనికి అవుతుంది. ‘ఇదిగో’ ఏ విభక్తికీ లొంగదు. ‘ఇదా?’ అని అడుగుతాం, ‘ఇదిగోనా?’ అని అడగం. ‘ఇది కాదు’ అంటాం, ‘ఇదిగో కాదు’ అనం. లింగవచనాల వాదమూ నిలవదు. “ఇదిగో మావాడు”, “ఇదిగో డబ్బులు” అని రోజూ అంటున్నాం. “ఇది మావాడు” అని మాత్రం ఎవరం అనం.

“ఏదీ?” అంటే “ఇదిగో” అన్న ఒక్క ముక్కే నిండు జవాబు. ఒక్క పదంతో పూర్తయ్యే వాక్యమది. వినేవాడు ఎదుట లేనిదే పుట్టదు. ఇంటాయన్ని పిలవడానికి మన ఆడవాళ్లు “ఇదిగో” అన్నది అందుకే. “ఇదిగో వస్తున్నా” అన్నప్పుడు అదే మాట కాలాన్ని చూపుతుంది.

ఇలాంటి మాటలకు ప్రత్యేక వర్గం కావాలనడం నా మొండితనమని ఒక విమర్శ. బ్రిటన్ పడమటి కొసన మాట్లాడే వెల్ష్‌నే చూడండి. దమ, దన, దకు అని అందులో మూడున్నాయి. దగ్గరిది, కాస్త ఎడంగా ఉన్నది, అల్లంత దూరాన ఉన్నది. ‘దమ’ పుట్టింది ‘ఇక్కడ చూస్తున్నావా’ అనే అర్థమిచ్చే పాత మాటల్లోంచి. అంటే వినేవాడు దాని మొదట్లోనే ఉన్నాడు. మన ‘ఇదిగోరా’, ‘ఇదిగోనమ్మా’, ‘ఇదిగోండి’ల్లో చివర చేరాడు.

ఇప్పుడు నేను చేస్తున్న పని ఇదే. కైకలూరు, మండవల్లి, కలిదిండి మండలాల్లో చూపే మాటలు సేకరిస్తున్నాను. ఇక్కడ గురుతుకు కొండ లేదు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీరు ఉప్పుటేరులోంచి సముద్రానికి పోతుంది, వానాకాలం నిండిన కొల్లేరు వేసవికి వెనక్కి తగ్గుతుంది. అంచే కదిలే చోట దూరాన్ని మాటతో ఎలా చూపుతారో నాకు తెలియాలి. ఆటపాకలో గూడబాతుల గుంపును చూసి మీ తాతగారు “అవిగో” అన్నారా, మనవడు “అదిగో” అన్నాడా? ఎవరు, ఎవరితో, గట్టు మీదనా పడవలోనా, ఎంత దూరంలో ఉన్నదాన్ని చూపుతూ అన్నారో రాసి పంపండి. అన్నవారి వయసు, ఊరు తప్పక వేయండి.