ట్రాంబే వెలుగు, ట్రాంబే పొగ
(ప్లాటినం జూబ్లీ సభలో పాఠశాల పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠము)



విద్యుత్ రంగంలో ముప్పై ఏళ్లు పనిచేసినవాడిని గనుక ట్రాంబే కేంద్రాన్ని గురించి తెలుగులో నాలుగు మాటలు చెప్పమని ప్రధానోపాధ్యాయులు ఆదేశించారు. నిన్న సాయంత్రం ఒక విద్యార్థి తల్లి నన్ను ఆపి, "మా పిల్లగానికి ఈ దమ్ము ఆ పొగగొట్టంతోనేనా, సారూ?" అని అడిగినది. నా ప్రసంగాన్ని ఆమెకు సమాధానంగా భావించండి.

నేను పాలమూరు నుంచి వలస వచ్చిన కూలీ కుమారుడను. చాల్‌లో మెట్ల కింది బల్బు వెలుగున చదువుకున్నాను. ఆ వెలుగు పుట్టుకను మా సైన్సు మాస్టారు చూపించారు. మూత బిగించిన డబ్బాలో నీరు మరిగించి, రంధ్రం నుంచి చిమ్మే ఆవిరికి ఒక రేకు గాలిమరను అడ్డుపెట్టారు. అది గిర్రున తిరిగినది. పెద్ద టర్బైను ఎదుట నిలిచిన తొలినాడు నాకు ఆ రేకుమరే గుర్తుకు వచ్చినది.

టాటావారు మొదట బొంబాయికి వెలుగునిచ్చినది సహ్యాద్రి జలాలతో. ఖోపోలీ కేంద్రం 1915లో ఆరంభమైనది. నగరం పెరిగినకొద్దీ ఆ నీరు చాలక, 1956లో ట్రాంబే తీరాన టాటావారు ఆవిరి కేంద్రాన్ని నెలకొల్పారు. 1984లో అక్కడ 500 మెగావాట్ల యూనిట్ వెలసినది. దేశంలో అంత పెద్ద యూనిట్ అదే మొదటిది. బొగ్గు, చమురు, వాయువు, ఏది దొరికితే దానితో నడిచేటట్లు దానిని నిర్మించారు. 2009లో 250 మెగావాట్ల బొగ్గు యూనిట్ చేరినది.

వాయువుతో నడిచే 180 మెగావాట్ల యూనిట్ తీరు వేరు. అందులో మండిన వాయువే సూటిగా ఒక టర్బైనును తిప్పుతుంది. బయటికి పోయే వేడితో మళ్లీ ఆవిరి చేసి రెండవదానిని తిప్పుతారు. మన ఇళ్లలో అన్నం దించిన పొయ్యిమీద నిప్పు వృథాపోకుండా నీళ్లు పెట్టుకుంటామే, అటువంటిదే. బూడిద లేదు, గంధకపు పొగ లేదనే చెప్పవచ్చు. అయితే వాయువు ప్రియం.

బొగ్గు ఇండోనేషియా నుంచి ఓడలమీద వస్తుంది. గంధకం తక్కువైన రకమే తెస్తారు. ఆ పొగను సముద్రపు నీటితో కడిగే ఏర్పాటు మన దేశంలో తొలిసారి ట్రాంబేలోనే జరిగినది. ఉప్పునీటికి సహజంగా ఉన్న క్షారగుణం గంధక వాయువును పీల్చుకుంటుంది. ఎంత కడిగినా పొగ పొగయే. ఉద్యోగులమైన మేము ఆ మాట బాహాటంగా అనడానికి కొంత జంకేవారము.

మరి బొగ్గును మానివేయరాదా? 2020 అక్టోబరు 12 ఉదయం మీకు జ్ఞాపకమే. బయటి నుంచి వచ్చే లైన్లు దెబ్బతిన్నవి. అటువంటి వేళ నగరాన్ని విడదీసి స్వంత కేంద్రాలతో నడిపే ఏర్పాటు ఉన్నది గాని, ఆనాడు అది నిలబడలేదు. లోకల్ రైళ్లు పట్టాలమీదనే ఆగిపోయినవి. ఊరిలోపల ఉత్పత్తి ఎందుకో ఆ ఒక్క పూట తెలిపినది. 2023లో ఖార్ఘర్ నుంచి విక్రోలికి 400 కిలోవోల్టుల మార్గం వచ్చినది. ఇటువంటివి పెరిగినకొద్దీ బొగ్గు యూనిట్లకు విశ్రాంతినిచ్చి, వాయువును, కొండల జలశక్తిని ఆపత్కాలానికి ఉంచుకోవాలని నా అభిప్రాయం. దానికయ్యే అదనపు ఖర్చు మన బిల్లులోనే కనిపిస్తుంది. అదీ దాచను.

ఆ తల్లితో ఇట్లా అన్నాను: "అమ్మా, అక్కడ చమురు శుద్ధి కర్మాగారాలున్నవి, లారీలున్నవి, ఒక్క గొట్టమే కారణమనలేను. దానికి సంబంధం లేదనీ అనలేను. ముందు పిల్లవాడిని డాక్టరుకు చూపించండి." వచ్చే సోమవారం వారితో నేనూ వెళుతున్నాను.